తారల నాకా

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర మొదలై తార్నాక మెట్రో స్టేషన్ కింద ఆగిన మాటలివి. నడిచింది ముగ్గురం, మాట్లాడింది ఇద్దరు. ఒకాయన నలభై ఏళ్ళుగా తెలుగు సినిమాలకు పీఆర్వో. రెండో ఆయన దినపత్రిక డెస్కులో జుట్టు నెరిపించుకుని, ఆ తర్వాత జర్నలిజం పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనవారు. 1954లో మొదలైన ఇక్కడి జర్నలిజం విభాగంలోనే ఇద్దరూ ఒకే బెంచీ మీద చదివారు. ఒకరిది విజయవాడ పక్క, ఒకరిది నల్లగొండ. పేర్లు రాయొద్దన్నారు. సారు మొహమాటం కొద్దీ అన్నారు. పీఆర్వో మాత్రం, "నా పని ఊళ్ళోవాళ్ళ పేర్లు పేపర్లో పడేట్టు చూడ్డం, నా పేరు కాదు" అన్నారు.

ఆ మధ్యాహ్నం క్లాసులో తన వృత్తి గురించి చెప్పమని పీఆర్వోని పిలిపించింది సారే. బయటికొచ్చి నాలుగు అడుగులు వేశామో లేదో, అందుకున్నదీ ఆయనే.

సారు: మస్తు చెప్పినవ్‌రా. పోరగాండ్లు చప్పట్లు గొట్టిండ్రు. కానీ నువ్వు చేసింది పాఠం కాదు, ప్రీ-రిలీజ్ ఫంక్షను.

పీఆర్వో: అలవాటైన పని కదరా. అయినా నా గురించి ఎక్కడ చెప్పుకున్నాను? సగం సేపు బి.ఎ. రాజు గారి గురించే చెప్పాను.

సారు: అదే అడుగుతున్న. ఏం జెప్పినవ్? విజయవాడ నుంచి వచ్చిండు, విలేఖరి అయిండు, కృష్ణ సినిమాల పబ్లిసిటీ చూసిండు, వెయ్యికి పైగ సినిమాలకు పీఆర్వో చేసిండు, అందరితోని మంచిగున్నడు. ముచ్చట బాగున్నది. మరి ఒక్క తలకాయ మీద నాలుగు టోపీలున్నయని ఎందుకు జెప్పలె? సినిమా వార్తలు రాసేది ఆయనే. 'సూపర్ హిట్' పత్రిక నడిపేది ఆయనే. ఇంకో దిక్కు ఆ సినిమాలకే పీఆర్వో. మళ్ళ తనే నిర్మాత. పత్రిక కొన్నోడు చదివేది వార్తనా, ప్రకటననా?

పీఆర్వో: పత్రికకి పేరే 'సూపర్ హిట్' అని పెట్టుకున్నాక ఇంకా అనుమానమేంటి? సినిమాని చీల్చి చెండాడతారని ఎవడైనా ఆ పత్రిక కొంటాడా?

(సారు నవ్వాపుకోలేకపోయారు. అయినా వదల్లేదు.)

సారు: నవ్వు వచ్చింది గని జవాబు రాలె.

పీఆర్వో: జవాబు కావాలా? మన దగ్గర విలేఖరి, పీఆర్వో, నిర్మాత మూడు వేరే వేరే ఇళ్ళు కావు. ఒకే ఇంట్లో మూడు గదులు. నాగిరెడ్డి గారు స్టూడియో నడుపుతూనే 1966లో 'విజయచిత్ర' తెచ్చారు. దాసరి గారు సినిమాలు తీస్తూనే 1984లో 'ఉదయం' దినపత్రిక పెట్టారు. అప్పుడు మీ పత్రికలవాళ్ళంతా అక్కడ ఉద్యోగాలకు వరస కట్టారు కదా? వాళ్ళు పెద్దవాళ్ళు కాబట్టి దూరదృష్టి. రాజు గారు చిన్నగా మొదలుపెట్టాడు కాబట్టి నాలుగు టోపీలు.

సారు: ఇల్లొక్కటే అయినా గదులకు తలుపులుండాలె గదా.

పీఆర్వో: తలుపులు బిగించుకుంటే ఆ ఇంట్లో కొన్ని పనులు జరిగేవే కాదు. రాజు గారి భార్య జయ గారూ సినిమా పత్రికల్లో రాసినావిడే. ఆవిడ డైరెక్టరు, ఈయన నిర్మాత. 'చంటిగాడు', 'గుండమ్మగారి మనవడు', 2012లో 'లవ్లీ', 2017లో 'వైశాఖం'. తెలుగులో వరసగా సినిమాలు తీసిన ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒక వేలు పీఆర్వో సంపాదించిన పరపతి మీద నిలబడింది. క్లాసులో ఇది మర్చిపోయాను. రేపు నువ్వు చెప్పు.

ఇది నిజంగానే మంచి దెబ్బ. సారు కొంచెం దూరం ఏమీ అనలేదు. రోడ్డుకి అటూ ఇటూ చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలతో పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకరిద్దరు పీఆర్వో చేతిలోని ఫోన్ల వంక చూశారు. మూడు ఫోన్లు ఆ మనిషికి.

సారు: సరే, పరపతి అన్నవ్ గదా. ఆ పరపతి ఎట్ల పుడతదో జెప్పు. క్లాసుల దాటేసినవ్.

పీఆర్వో: ఎలా పుడుతుంది? కాళ్ళు అరిగితే పుడుతుంది. నేను మద్రాసు వెళ్ళిన కొత్తలో ఒక సినిమా ముహూర్తం అంటే తెల్లారుజామున మొదలు. క్లాప్ ఎవరు కొట్టారు, కెమెరా స్విచాన్ ఎవరు చేశారు, గౌరవ దర్శకత్వం ఎవరు వహించారు, ఈ మూడు పేర్లు తప్పు పడితే నీ ఉద్యోగం ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నానికి నోట్ రాసి, టైపు కొట్టించి, సైక్లోస్టైల్ తీయించి, స్టిల్స్ కడిగించి ఒక్కో పత్రికాఫీసుకి ఒక్కో కవరు. ఇద్దరు హీరోయిన్లుంటే ఏ పత్రికకి ఎవరి ఫోటో వెళ్ళిందో నోటుబుక్కులో రాసుకోవాలి. మర్నాడు పొద్దున ఇద్దరి అమ్మలూ ఫోన్ చేస్తారు. ఒకే ఫోటో రెండు పత్రికల్లో వచ్చిందా, ఇద్దరు సినిమా ఎడిటర్లూ తిడతారు. సాయంత్రం ఆఫీసుకెళ్తే నిర్మాత ఒకటే అడుగుతాడు: "నా పేరు చిన్నక్షరాల్లో వచ్చిందేంటయ్యా?"

సారు: మేం గూడ తక్కువ తినలె. నోట్ వస్తే మీద హెడింగ్ మార్చి మక్కికిమక్కి కొట్టేటోళ్ళం. శుక్రవారం సినిమా పేజీ నింపాలె, చేతిల మనిషి ఉండడు. నీ నోట్ లేకుంటే ఆ పేజీ తెల్లగనే పోయేది.

పీఆర్వో: ఒప్పుకున్నావ్ కదా?

సారు: పాపంల సగం నాదని ఒప్పుకున్న. కవర్ల మాటో?

పీఆర్వో: ఇచ్చాను. స్టిల్స్ కవర్లూ ఇచ్చాను, ఇంకో రకం కవర్లూ ఇచ్చాను. నువ్వు తీసుకోలేదు. నీ పక్కన కూర్చున్నవాడు నీది కూడా తీసుకున్నాడు.

సారు: ఎవడు వాడు?

పీఆర్వో: చెప్పను. అందుకే ఇన్నేళ్ళు బతికాను ఈ పనిలో.

ఈ మాటతో సారు ఆగిపోయారు. ఆగింది అలసి కాదు. ఆయన చాలాకాలంగా అడగాలనుకున్న మాటొకటి ఉందని నాకప్పుడే తెలిసింది.

సారు: 'చెప్పను' అనే మాట నీకు వచ్చన్నమాట. మరి 1987ల నాకెందుకు జెప్పలె ఆ మాట?

పీఆర్వో: ఇన్నాళ్ళకి ఎత్తావా?

సారు: (నాతో) నువ్వు గూడ ఇను తమ్మీ. ఓ పెద్ద హీరో. షూటింగులు ఆగినయి. ఆసుపత్రిల ఉన్నడని పుకారు. నేను ఈయనకే ఫోన్ జేసిన, దోస్తు గదా అని. "జ్వరంరా, నాలుగు రోజుల్లో సెట్‌కి వస్తాడు" అన్నడు. నేను రాసిన. నా పేరు పెట్టుకుని రాసిన. ఆరు వారాలు మంచం దిగలె ఆ మనిషి. పక్క పేపరోడు అసలు సంగతి వేసిండు. మా ఎడిటర్ నన్ను పిలిచి ఒక్క మాట అనలె, నా వార్తా వాళ్ళ వార్తా పక్కపక్కన పెట్టి చూపించిండు. గంతే.

పీఆర్వో: రెండేళ్ళు నాతో మాట్లాడలేదు ఈయన. చూడు బాబూ, నీకే చెప్తున్నా. జబ్బు ఆ మనిషి సొంతం. చెప్పొద్దని ఆయన భార్య నా ముందు ఏడ్చింది. ఆయన మీద మూడు సినిమాలున్నాయి, ఫైనాన్స్ తెచ్చుకున్న ముగ్గురు నిర్మాతలున్నారు. నేను నిజం చెబితే తెల్లారేసరికి వడ్డీవాళ్ళు వచ్చి కూర్చుంటారు.

సారు: నిజం జెప్పమని ఎవడడిగిండు? దాచుడు వేరు, జ్వరం అనుడు వేరు. "నేను మాట్లాడను" అంటే అయిపోవు.

పీఆర్వో: "మాట్లాడను" అంటే ఆ రాత్రే చావు వార్త బయల్దేరేది. పీఆర్వో నోరు మూసుకుంటే దాన్నీ వార్తగానే చదువుతారురా. నువ్వు మౌనంగా ఉండొచ్చు. డెస్కులో కూర్చున్నవాడి మౌనానికి ఎవడూ అర్థాలు తీయడు. నా మౌనానికి హెడింగ్ పెడతారు.

సారు: అయితే నా పేరు ఖర్చు పెట్టి ఆయన పరువు కొన్నవ్.

పీఆర్వో జవాబివ్వలేదు. ఇంగ్లీష్ విదేశీ భాషల యూనివర్సిటీ గేటు దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. మధ్యలో నేనే, ఇబ్బంది తట్టుకోలేక, ఈ పబ్లిసిటీ అబద్ధాలు మన దగ్గరే పుట్టాయా అని అడిగాను. మాష్టార్లకు ప్రశ్న దొరికితే కోపం దిగుతుంది.

సారు: మన దగ్గర యాడ? 1910ల అమెరికాల ఫ్లోరెన్స్ లారెన్స్ అని నటి. ట్రాం కింద పడి సచ్చిందని పుకారు. వెంటనే నిర్మాత కార్ల్ లామ్లే పత్రికల ప్రకటన ఇచ్చిండు: ఇదంతా అబద్ధం, మా నటి బతికే ఉన్నది, కొత్త సినిమా వస్తున్నది అని. పుకారు పుట్టించింది గూడ ఆయనే అంటరు. నీ కులదైవం ఆయనే.

పీఆర్వో: ఆ కథలో సగమే చెప్తావ్ నువ్వు. అప్పటిదాకా ఆమె పేరు జనానికి తెలియదు. బయోగ్రాఫ్ కంపెనీ అమ్మాయి అనేవాళ్ళు, అంతే. పేరు చెబితే జీతం పెంచమంటారని కంపెనీలు చెప్పేవి కావు. తెర మీద కనిపించే మనిషికి పేరు ఉంటుందని జనానికి చెప్పినవాడు పబ్లిసిటీవాడే. అబద్ధంతో చెప్పాడు, నిజమే. పేరు మాత్రం నిజం పేరు.

సారు: ఇంకో అబద్ధం జెప్పనా? మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వచ్చిందని ఎన్నేండ్లు పండుగ జేసినం? రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి తీస్తే తేలింది ఏంది? 1932 జనవరి 22న సెన్సారు, ఫిబ్రవరి 6న బొంబాయిల కృష్ణా సినిమాల విడుదల. ఎవడో ఒకడు చెప్పిన తారీఖు, పీఆర్వో మీద పీఆర్వో, నోట్ మీద నోట్, చరిత్ర అయి కూసున్నది.

పీఆర్వో: ఆ తప్పు ఏ పీఆర్వో చేశాడో చూపించు ముందు. అప్పటికి మా జాతే పుట్టలేదు. మద్రాసులో టైటిల్స్‌లో పీఆర్వో అని మొదట పేరు పడింది 1958లో, ఎంజీఆర్ 'నాడోడి మన్నన్'కి, ఫిల్మ్ న్యూస్ ఆనందన్ గారిది. ఆయనేం చేశాడో తెలుసా? విడుదలైన ప్రతి తమిళ సినిమా వివరాలూ, ఫోటోలూ, పాటల పుస్తకాలూ దాచాడు. ఎవరూ అడగలేదు, జీతమూ లేదు. చివరికి తమిళనాడు ప్రభుత్వమే ఆ సేకరణ తీసుకుంది. ఆ చరిత్ర ఏ యూనివర్సిటీలోనూ లేదురా, పీఆర్వో బీరువాలో ఉంది. మీ జయదేవ గారు పత్రికలు తిరగేశారన్నావ్. ఆనాటి పత్రికలో సినిమా ఊసు చాలావరకు ఎక్కడుంటుంది? ప్రకటనలో. మేం అచ్చేసిన కాగితమే రేపు మా అబద్ధాన్ని పట్టిస్తుంది. అంతకంటే నిజాయితీ ఏం కావాలి?

నాకీ వాదన నచ్చింది. సారుకీ నచ్చిందని ముఖం చెబుతూనే ఉంది, నోరు ఒప్పుకోలేదు. తార్నాక వైపు వచ్చేసరికి ట్రాఫిక్ రొద మొదలైంది. సారు ఇక్కడ గొంతు పెంచారు, హారన్లకో, విషయానికో.

సారు: కాగితం సంగతి సరే. మనుషుల సంగతేంది? 2024 డిసెంబరు 4 రాత్రి. క్రాస్ రోడ్స్‌ల సంధ్య థియేటర్. 'పుష్ప 2' ప్రీమియర్. తొక్కిసలాటల ఒక తల్లి సచ్చిపోయింది, కొడుకు ఆసుపత్రి పాలైండు. 13న అల్లు అర్జున్‌ను అరెస్టు జేసిండ్రు, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. 22న మన ఓయూ జేఏసీ పేరు జెప్పుకుని పోయి ఆయన ఇంటి మీద పడ్డరు. నాకు రెండు దిక్కులా సిగ్గయింది.

పీఆర్వో: తప్పు ఎవరిదో కోర్టు చెప్తుంది. నేను చెప్పను.

సారు: కోర్టు మాట అడగలె. నీ మాట అడుగుతున్న. జనం రావాలె, జనం రావాలె అని నలభై ఏండ్లు డప్పు గొట్టినవ్. వచ్చిండ్రు.

పీఆర్వో: (చాలాసేపటికి) మా రోజుల్లో హీరో థియేటర్‌కి వస్తున్నాడంటే ముందు రోజే మేనేజర్‌తో కలిసి తలుపులు చూసుకునేవాణ్ణి. ఏ గేటు బయటికి తెరుచుకుంటుంది, ఏది లోపలికి, ఎక్కడ మెట్లున్నాయి. ఎవరూ నేర్పలేదు. ఒకసారి శతదినోత్సవంలో బారికేడ్ విరిగితే ఒక పిల్లాణ్ణి భుజమ్మీద వేసుకుని పరిగెత్తాను, అప్పటినుంచి. ఇప్పుడు గేట్లు చూసేవాడు వేరే, ఈవెంట్ చేసేవాడు వేరే, సోషల్ మీడియా వేరే, డిజిటల్ వేరే. ఒక్కో సినిమాకి పబ్లిసిటీవాళ్ళు ఇరవై మంది. గేటు ఎటు తెరుచుకుంటుందో ఎవణ్ణి అడగాలో నాకే తెలియదు.

సారు: ఈ ముచ్చట క్లాసుల జెప్పాల్సింది.

పీఆర్వో: పిల్లలు ఆస్కార్ గురించి అడిగారు మరి.

వాళ్ళు నిజంగానే అడిగారు. 'ఆర్ఆర్ఆర్' ఆస్కార్ కొనుక్కున్నారా అని ఒకబ్బాయి లేచి అడిగితే పీఆర్వో ఉత్సాహంగా చెప్పారు. 2022 మార్చిలో విడుదలైన సినిమాని అమెరికాలో జూన్ 1న ఒక్క రాత్రికి మళ్ళీ థియేటర్లలో వేశారు. తెలుగు రాని ప్రేక్షకులు లేచి చిందులేసిన వీడియోలే ఆ తర్వాత ప్రచారమైపోయాయి. ప్రచారానికి 80 కోట్లు పెట్టారని ఇక్కడ ఒక సీనియర్ దర్శక నిర్మాత అంటే, రాజమౌళి కొడుకు కార్తికేయ ఎనిమిదిన్నర కోట్లని చెప్పాడు. 2023 మార్చి 12 రాత్రి 'నాటు నాటు'కి బొమ్మ వచ్చింది. "ఓటేసేవాడి చేత సినిమా చూపించడం వరకే పబ్లిసిటీ. చూశాక కాళ్ళాడించడం కీరవాణి పని" అని పీఆర్వో అన్నప్పుడే ఆ చప్పట్లు. ఎనభైకీ ఎనిమిదిన్నరకీ మధ్య తేడా మన పోస్టర్ల మీద వసూళ్ళకు కూడా అలవాటైనదేనని సారు అప్పుడే గొణిగారు.

స్టేషన్ పక్క సందులో ఇరానీ చాయ్. ఉస్మానియా బిస్కట్ ముంచుతూ పీఆర్వో చుట్టూ చూశారు.

పీఆర్వో: మొదటిసారి బస్సు బోర్డు మీద తార్నాక అని చూసి తారల నాకా అనుకున్నానురా. సినిమా తారలు ఊళ్ళోకి రావాలంటే ఇక్కడ సుంకం కట్టాలేమో అని.

సారు: తార్ అంటే తీగె. నిజాం కాలంల తీగె కంచె, దాని కాడ నాకా ఉండేదంటరు. గంతే.

పీఆర్వో: నీది చరిత్ర, నాది పబ్లిసిటీ. ఈ బాబుకి రేపు ఏది గుర్తుంటుంది?

సారు: నీదే ఉంటది. అదే నా బాధ.

కాసేపు చాయ్ చప్పుడే. తర్వాత సారే, ఈసారి మెల్లగా, రాజు గారు పోయిన రోజు గురించి అడిగారు.

పీఆర్వో: 2021 మే 21. శుక్రవారం. బతికినన్నాళ్ళూ శుక్రవారం పొద్దున మార్నింగ్ షో టాక్ ఎలా ఉందని ఫోన్లు చేసిన మనిషి. ఆ శుక్రవారం ఊళ్ళో ఒక్క థియేటర్ తెరిచి లేదు. లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకే బయటికి రానిచ్చేవారు. జయ గారు 2018లోనే పోయారు. వేల మందిని పోగుచేసిన మనిషికి జనం పోగవకూడని రోజుల్లో పోవాల్సొచ్చింది. పెద్ద హీరోలంతా ట్విట్టర్‌లోనే నివాళి. ఆయన ట్విట్టర్ అకౌంట్ మాత్రం ఆగలేదు. ఆయన మనుషులు నడిపారు. అప్పుడప్పుడు ఆ పేరుతో ఏదో కొత్త సినిమా పోస్టర్ వస్తుంది, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, "రాజు గారూ, ఆ స్టిల్ నాకూ పంపండి" అనడానికి.

సారు ఏమీ అనలేదు. పీఆర్వో గ్లాసు కింద పెట్టి, జేబులోంచి మడత కాగితం తీశారు. సాయంత్రం యూసుఫ్‌గూడలో ప్రెస్ మీట్, దాని నోట్. తార్నాకలో మెట్రో ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు, రైలు మారక్కర్లేదు. "ఒకసారి చూడరా, కళ్ళు కనపడి చావట్లేదు" అన్నారు.

సారు చేతికి కలం ఎక్కడినుంచి వచ్చిందో. 'సంచలన' కొట్టేశారు. 'అద్భుతమైన' కొట్టేశారు. 'కనీవినీ ఎరుగని' కొట్టేశారు. 'యువ కెరటం' దగ్గర కాసేపు ఆలోచించి అదీ కొట్టేశారు.

పీఆర్వో: ఇంకేం మిగిలిందిరా అందులో?

సారు: పేర్లు, తారీఖు, జాగా. ఫోటో దీసినోని పేరేది?

పీఆర్వో: ఎప్పుడూ వేయం కదా.

సారు: వెయ్యి.

పీఆర్వో కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కారు. మర్నాడు పొద్దున సినిమా పేజీ తెరిచాను. 'సంచలన' ఉంది. 'అద్భుతమైన' ఉంది. 'కనీవినీ ఎరుగని' రెండుసార్లుంది. ఫోటో కింద, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్నక్షరాల్లో, ఒక ఫోటోగ్రాఫర్ పేరుంది.